నాలుకకు ఆరు వారాలు

నాలుక కుట్టడానికి ఒక్క నిమిషం చాలు. ఆ గాయం మానడానికి చాలామందికి ఆరు వారాలు, కొందరికి ఎనిమిది వారాలు పడుతుంది. సూది పట్టినవాళ్ల పని ఆ నిమిషంతో దాదాపు అయిపోతుంది. మిగిలిన ఆరు వారాలూ మీవే. కుట్టించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒళ్లు మీది, నిర్ణయం మీది. అయితే ఆ ఆరు వారాలను కూడా లెక్కలో వేసుకున్నప్పుడే అది పూర్తి నిర్ణయం అవుతుంది.

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఉంటూ చదువుకుంటున్న, ఉద్యోగం వెతుక్కుంటున్న యువతను దృష్టిలో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, ఎస్.ఆర్. నగర్, బల్కంపేట సందుల్లో హాస్టళ్లు. జిల్లాల నుంచి వచ్చిన వేలమందికి తమ డబ్బు, తమ సమయం మొదటిసారి తమ చేతిలోకి వచ్చేది ఇక్కడే. అమ్మానాన్నలు పక్కన ఉండరు. మెస్సులో ఏది వండితే అది తినాలి. గదిలో ముగ్గురో నలుగురో ఉంటారు. రేపో ఎల్లుండో ఒక ఇంటర్వ్యూ ఉంటుంది. నోట్లో గాయం పెట్టుకుని ఈ పరిస్థితుల్లో ఎలా గడపాలో ముందే తెలిసి ఉండాలి.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఈ ఆలోచనను వాయిదా వేయండి. నాలుక ఎక్కడికీ పోదు.

ముందు క్యాలెండర్ చూడండి

కుట్టిన మొదటి మూడు నుంచి ఐదు రోజులు నాలుక బాగా వాస్తుంది. వాపు తగ్గడానికి వారం, పది రోజులు పట్టవచ్చు. ఈలోగా మాట ముద్దగా వస్తుంది. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక కొన పైకి మడత పడాలి. వాచిన నాలుక అలా మడవదు. ‘మళ్లీ’, ‘వాళ్లు’ వంటి మామూలు మాటలకే ఇబ్బంది పడతారు. అమీర్‌పేటలో ఉన్నవాళ్ల భవిష్యత్తు చాలావరకు మాట మీదే ఆధారపడి ఉంటుంది. మాక్ ఇంటర్వ్యూ, గ్రూప్ డిస్కషన్, హెచ్ఆర్ రౌండ్, అన్నీ మాటే. అందుకే ముఖ్యమైన ఇంటర్వ్యూకు కనీసం మూడు వారాల ముందు కుట్టించుకోండి, లేదా అది అయిపోయాక కుట్టించుకోండి.

ఊరికి బయల్దేరే ముందు రోజు కూడా వద్దు. మొదటి రెండు వారాలు కుట్టినవాళ్లకు, డాక్టరుకు దగ్గర్లో ఉండాలి. పండక్కి ఇంటికెళ్లి, పిండివంటల ముందు నోరు తెరవలేక కూర్చోవడం మీకూ బాధే, ఇంట్లోవాళ్లకూ బాధే.

రక్తదానం సంగతి చాలామంది మర్చిపోతారు. మన దేశ నిబంధనల ప్రకారం పచ్చబొట్టు గానీ, కుట్టించుకోవడం గానీ అయ్యాక 12 నెలలు రక్తం ఇవ్వకూడదు. మీరు క్రమం తప్పకుండా రక్తం ఇచ్చేవాళ్లయితే, ముందు ఒకసారి ఇచ్చి తర్వాత కుట్టించుకోండి.

ముందే డాక్టరును అడగాల్సినవాళ్లు

చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు, పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లు, కవాటం మార్పించుకున్నవాళ్లు డాక్టరు మాట లేకుండా ఈ పనికి దిగకూడదు. నోట్లో 700కు పైగా రకాల సూక్ష్మజీవులు ఉంటాయి. గాయం ద్వారా అవి రక్తంలో కలిసి దెబ్బతిన్న కవాటం మీద చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అదుపులో లేని షుగరు, రక్తం పలచబడే మందులు, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు, గర్భం ఉన్నవాళ్లకూ ఇదే మాట. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు దురద పెట్టేవాళ్లు నికెల్ పడదేమో చూసుకోవాలి.

హెపటైటిస్-బి టీకా, ధనుర్వాతం టీకా చిన్నప్పుడు వేయించారో లేదో ఇంటికి ఫోన్ చేసి అడగండి. దేశంలో మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా శాన్‌వాక్-బి 1997లో వచ్చింది మన హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ నుంచే. అలాంటి ఊళ్లో ఉంటూ ఆ టీకా లేకుండా సూది ముందు కూర్చోవద్దు. వేయించుకోకపోయి ఉంటే మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి.

కుట్టేచోట అడగాల్సిన ప్రశ్నలు

సిగ్గుపడకుండా అడగండి. డబ్బు ఇచ్చేది మీరు.

1. ఆటోక్లేవ్ ఉందా? పరికరాలను ఆవిరి పీడనంతో, కనీసం 121 డిగ్రీల వేడిలో శుద్ధి చేసే యంత్రం అది. స్పిరిట్‌తో తుడవడం దానికి సమానం కాదు.
2. సూది సీలు వేసిన కవరులో ఉందా? ఆ కవరు మీ కళ్ల ముందే చించాలి. పని అయ్యాక సూదిని ప్రత్యేక డబ్బాలో పారేయాలి.
3. చెవులు కుట్టే గన్ వాడతారా? వాడతామంటే లేచి వచ్చేయండి. నాలుకకు గన్ ఎప్పుడూ పనికిరాదు.
4. బార్ (నాలుకలో పెట్టే, రెండు కొసలా బాల్స్ ఉండే కడ్డీ) ఏ లోహం? శరీరంలో అమర్చడానికి తగిన టైటానియం అయితే మంచిది. ఆ ప్రమాణానికి ఎఎస్‌టిఎమ్ ఎఫ్-136 అని పేరు.
5. బార్ పొడుగు ఎంత? మొదట పెట్టేది వాపుకు చోటిచ్చేలా పొడుగ్గా ఉండాలి. తర్వాత పొట్టిది మార్చడానికి ఎప్పుడు రావాలో ఇప్పుడే అడిగి రాసుకోండి.

బార్ నాలుక మధ్యగీత మీద, అడుగున ఉండే సన్నటి పొరకు ముందు, పైనుంచి కిందికి నిలువుగా దిగాలి. పెద్ద రక్తనాళాలు ఆ గీతకు రెండు పక్కలా ఉంటాయి. నాలుక కొసలో అడ్డంగా గుచ్చి రెండు పక్కలా రెండు బాల్స్ కనిపించేలా పెట్టే పద్ధతి వద్దు. రెండు పక్కల కండరాలను అది ఒకదానికొకటి కట్టేస్తుంది. పళ్లకూ దెబ్బే. అడుగు పొర మరీ ముందుకు ఉన్న నాలుకలు కొన్ని ఈ పనికి సరిపోవు. “మీకు కుదరదు” అని చెప్పినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. అలా చెప్పగలిగినవాళ్లే నమ్మదగినవాళ్లు.

నాలుకను గుచ్చుకోవడం మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో వీరభద్రుడి సంబరాల్లో భక్తులు నారసాలు గుచ్చుకుంటారు. దక్షిణాఫ్రికాలో, మలేషియాలో కావడి మొక్కుల్లో తెలుగువాళ్లూ పాల్గొంటారు. అయితే మొక్కు తీరాక నారసం తీసేస్తారు, గాయం మూసుకుపోతుంది. మీ బార్ అలా కాదు. పచ్చి గాయంలో అది రాత్రీపగలూ ఉండిపోతుంది. గాయం దాన్ని పెట్టుకునే, దాని చుట్టూ కొత్త చర్మం అల్లుకుంటూ మానాలి. అందుకే ఇన్ని జాగ్రత్తలు.

మొదటి వారం

కొద్దిగా రక్తం కారడం, నాలుక ఉబ్బడం, నొప్పి, లాలాజలం ఎక్కువగా ఊరడం, బార్ పక్కన తెల్లగా లేదా లేత పసుపుగా జిగురు రావడం మామూలే. ఆ జిగురు చీము కాదు. దాన్ని గోటితో గీకొద్దు.

చిన్న ఐసు ముక్కలు నోట్లో పెట్టుకుని కరగనివ్వండి. నమలొద్దు. ఐసు తాగే నీళ్లతో చేసినదై ఉండాలి. జ్యూస్ బండి ఐసు వద్దు. పడుకునేటప్పుడు ఇంకో దిండు వేసుకుని తల ఎత్తులో పెట్టుకోండి. మాట తగ్గించండి. రక్తం ఆగకపోతే శుభ్రమైన గాజ్ గుడ్డతో పది నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి. మాటిమాటికీ గట్టిగా ఉమ్మితే రక్తం మళ్లీ మొదలవుతుంది.

నొప్పికి పారాసిటమాల్ చాలు, అట్ట మీద రాసిన మోతాదు దాటకుండా. యాస్పిరిన్ రక్తాన్ని ఆగనివ్వదు, వద్దు. ఐబుప్రొఫెన్ వాపు తగ్గిస్తుంది గానీ, హైదరాబాద్‌లో వానాకాలం డెంగీ కాలం కూడా. డెంగీలో అది ప్రమాదం, అందుకే జ్వరం ఉందంటే పరీక్ష చేయించకుండా ఐబుప్రొఫెన్ మింగొద్దు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకుని వేసుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇన్ఫెక్షన్ ఉందని డాక్టరు చూసి చెప్పాకే ఆ మందు.

పక్క మంచం మీద పడుకునే స్నేహితుడికో స్నేహితురాలికో విషయం చెప్పి ఉంచండి. అర్ధరాత్రి వాపు పెరిగితే మాట రాకపోవచ్చు. అప్పుడు మీ తరఫున ఫోన్ చేసేది వాళ్లే.

పుక్కిలింత

ఈ ఆరు వారాల్లో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. పావు లీటరు నీళ్లలో పావు చెంచా ఉప్పు. అంతకంటే ఎక్కువ వద్దు. ఉప్పు ఎక్కువైతే గాయం త్వరగా మానుతుందనుకోవడం పొరపాటు, అది మండుతుంది, ఎండిపోతుంది. నీళ్లు కాచి చల్లార్చినవి గానీ, తాగే క్యాన్ నీళ్లు గానీ అయి ఉండాలి. హాస్టల్ బాత్రూమ్ కుళాయి నీళ్లు సంపు నుంచి వస్తాయి. వాటిని నోట్లో పోసుకోవద్దు.

తిన్న ప్రతిసారీ, రాత్రి పడుకునే ముందు, అర నిమిషం నుంచి ఒక నిమిషం మెల్లగా పుక్కిలించి వదిలేయండి. రోజుకు నాలుగైదు సార్లు చాలు. మౌత్‌వాష్ వాడాలనుకుంటే షాపులో, “అన్నా, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ ఇవ్వు” అని అడగండి. ఆల్కహాల్ ఉన్నది మంట పెట్టి గాయాన్ని వెనక్కి లాగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది డెంటిస్ట్ చెబితే తప్ప రోజుల తరబడి వాడొద్దు. పళ్ల మీద మరకలు పడతాయి, రుచి మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలే వద్దు.

కొత్త మెత్తటి బ్రష్ కొనుక్కోండి. పళ్లు రెండు పూటలా తోముకోండి. మన ఇళ్లలో పొద్దున్నే బద్దతో నాలుక గీసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. చెయ్యి దానంతట అదే బద్ద మీదికి పోతుంది. గాయం మానేదాకా ఆ బద్దను కంటికి కనబడని చోట పెట్టేయండి.

ఇంట్లో చెబితే అమ్మ, “పసుపు పెట్టుకో నాన్నా” అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ వంటింటి పసుపు క్రిములు లేనిది కాదు, దాని పొడి గాయంలోకి పోయి ఇరుక్కుంటుంది. లవంగం నూనె, కొబ్బరి నూనె, వేప ముద్ద, అన్నీ అంతే. నాలుకకు రక్తప్రసరణ బాగా ఎక్కువ. లాలాజలంలో సూక్ష్మజీవులను ఎదుర్కొనే పదార్థాలు ఉన్నాయి. అందుకే శరీరంలో తక్కిన చాలా చోట్ల కంటే నాలుక త్వరగా మానుతుంది. మీరు చేయాల్సిందల్లా దాన్ని శుభ్రంగా ఉంచి, దాని పనికి అడ్డు రాకుండా ఉండడం.

మెస్సులో ఏం తినాలి

వండే ఆవిడతో మొదటి రోజే మాట్లాడండి: “అక్కా, నోట్లో పుండు ఉంది. రెండు వారాలు నాకు కారం లేకుండా పెట్టవా?” చాలామంది కాదనరు. మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లార్చిన రాగి జావ, పప్పులో నానిన ఇడ్లీ, పలచటి కిచిడీ, మజ్జిగ, అరటిపండు, కొబ్బరినీళ్లు. వారం రోజులు వీటితో గడిచిపోతుంది. చిన్న ముద్దలు పెట్టుకుని, పక్క పళ్లతో నెమ్మదిగా నమలండి. తొందరపడితే బార్‌ను కొరుకుతారు. పన్ను విరిగేది అలాగే.

ఆవకాయ, గోంగూర, మిర్చి బజ్జీ, పానీపూరీ, చికెన్ 65, బిర్యానీ మసాలా, నిమ్మరసం రెండు వారాలు పక్కన పెట్టండి. పొగలు కక్కే చాయ్ వద్దు, గోరువెచ్చగా అయ్యాక తాగండి. స్ట్రాతో పీల్చడం వద్దు. మిక్చర్, చిప్స్ లాంటి పొడిపొడిగా రాలేవి గాయం చుట్టూ చేరతాయి.

సిగరెట్, వేప్, హుక్కా, గుట్కా, జర్దా, మద్యం గాయం మానేదాకా ముట్టుకోవద్దు. ఎలాగూ ఆరు వారాలు మానేశారు కనుక పొగాకు అలవాటును అక్కడితో వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఒకరి ఎంగిలి ఒకరు తినడం, ఒకే సీసా నోట పెట్టుకుని తాగడం, ముద్దులు, ఇవీ మానాలి. ఎదుటివాళ్ల లాలాజలం పచ్చి గాయానికి తగలకూడదు.

చెయ్యి పెట్టకండి

వాపు తగ్గాక అసలు పరీక్ష మొదలవుతుంది. బార్‌తో ఆడాలనిపిస్తుంది. పళ్లకేసి టకటకమనిపించడం, బాల్‌ను పళ్ల మధ్య పట్టుకోవడం, నాలుక బయటపెట్టి స్నేహితులకు చూపించడం, సెల్ఫీలు. అలా కదిలించిన ప్రతిసారీ లోపల అల్లుకుంటున్న కొత్త చర్మం చిరుగుతుంది. మానడం వెనక్కి పోతుంది. పరీక్షలకు చదివేటప్పుడు, ఫోన్ చూసేటప్పుడు ఈ ఆట తెలియకుండానే సాగుతుంది. గుర్తొచ్చిన వెంటనే నాలుకను నోట్లో కిందికి వదిలి, ఒక గుక్క నీళ్లు తాగండి. మనసు ఒకవైపు లాగుతుంటే శరీరానికి కావాల్సింది చేయడం ఒక సాధన. ఇక్కడ అలవడితే చదువులోనూ, డబ్బు దగ్గరా పనికొస్తుంది.

చెయ్యి పెట్టాల్సిన సందర్భం ఒక్కటే. రోజుకొకసారి సబ్బుతో చేతులు కడుక్కుని, పైన, కింద బాల్స్ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. వదులైన బాల్ నిద్రలో ఊడి గొంతులోకో ఊపిరితిత్తుల్లోకో పోవచ్చు.

బార్ మార్చే రోజు

రెండు నుంచి నాలుగు వారాల మధ్య, వాపు పూర్తిగా తగ్గాక, పొడుగు బార్ తీసి పొట్టిది పెట్టించుకోవాలి. కుట్టినవాళ్లే చేయాలి, మీరు గదిలో అద్దం ముందు చేయొద్దు. కొత్త రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోగలదు. ఈ మార్పును చాలామంది పట్టించుకోరు. పొడుగు బార్ అలాగే ఉండిపోతే పళ్లు, చిగుళ్లు దెబ్బతింటాయి. 2002లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో నాలుగేళ్లకు పైగా నాలుకకు బార్ పెట్టుకున్నవాళ్లలో 47 శాతం మందికి దవడ పళ్లు పెచ్చులూడినట్టు తేలింది. రెండేళ్లకు పైగా పొడుగు బార్ ఉంచుకున్నవాళ్లలో సగం మందికి లోపలి వైపు చిగురు కిందికి జారింది. జారిన చిగురు తనంతట తాను తిరిగి రాదు. ఈ ఒక్క మార్పును వాయిదా వేయకండి.

ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు

ఇవి ఫోన్లో స్నేహితులను అడిగే విషయాలు కావు:

- గడ్డం కింద, దవడ కింద గట్టిగా వాయడం, నాలుక పైకి, వెనక్కి నెట్టుకురావడం, ఉమ్మి మింగలేక నోటి నుంచి కారడం, గొంతు మారిపోవడం, ఊపిరి ఆడకపోవడం. దీన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. నోటి అడుగు భాగంలో ఇన్ఫెక్షన్ వేగంగా పాకి శ్వాసమార్గాన్ని మూసేస్తుంది. నాలుక కుట్టించుకున్నాక ఇది వచ్చిన కేసు 1997లోనే వైద్య పత్రికలో నమోదైంది. వెంటనే 108కి ఫోన్ చేయండి.
- చలితో జ్వరం, ఆకుపచ్చ లేదా దుర్వాసన వచ్చే చీము, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. అదే రోజు డాక్టరును చూడాలి.
- పావుగంట అదిమినా ఆగని రక్తం.
- వాపు పెరిగి బాల్ నాలుకలోకి కూరుకుపోవడం.

ఇన్ఫెక్షన్ అనిపిస్తే భయపడి బార్ మీరే లాగేయొద్దు. పైన రంధ్రం మూసుకుపోయి చీము లోపలే నిలిచిపోవచ్చు. తీయాలో ఉంచాలో డాక్టరు నిర్ణయిస్తారు. పంజాగుట్టలో నిమ్స్ ఉంది, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఊపిరి ఇబ్బంది ఉంటే మాత్రం పేరు చూడకండి, దగ్గర్లో ఏ క్యాజువాలిటీ ఉంటే అక్కడికే. నాలుక కుట్టించుకున్న సంగతి దాచకుండా మొదటే చెప్పండి. తిడతారేమోనని దాచితే వైద్యం ఆలస్యమవుతుంది.

మానిన తర్వాత

ఆరేడు వారాలకు నొప్పి, జిగురు లేకుండా బార్ హాయిగా కదులుతుంటే గాయం మానినట్టే. ఇప్పుడు నాలుక గీసుకోవచ్చు, బార్ చుట్టూ మెల్లగా. బార్ మీద కూడా పాచి పడుతుంది, దాన్నీ బ్రష్‌తో తోమండి. ఆర్నెల్లకోసారి డెంటిస్ట్‌కు కింది ముందు పళ్ల వెనక చిగుళ్లు ప్రత్యేకంగా చూడమని చెప్పండి. ఎంఆర్ఐ తీసేటప్పుడు, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు బార్ ఉన్నట్టు ముందే చెప్పాలి.

ఏడాదికో రెండేళ్లకో చిగురు జారుతోందని డెంటిస్ట్ చెప్పొచ్చు. లేదా మీకే ఇక చాలనిపించొచ్చు. అప్పుడు తీసేయండి. పెట్టుకోవడం ఎంత మీ నిర్ణయమో, తీసేయడమూ అంతే. ఖర్చు పెట్టాం, నొప్పి భరించాం అని పళ్లను పణంగా పెట్టాల్సిన పని లేదు.

ఇంకా కుట్టించుకోనివాళ్లు ఈ రోజు ఒక కాగితం తీసుకుని నాలుగు విషయాలు రాయండి: టీకా వివరాలు, రాబోయే రెండు నెలల్లో ఇంటర్వ్యూలూ ప్రయాణాలూ ఉన్న తేదీలు, రాత్రివేళ మీకు తోడుండే మనిషి పేరు, పొట్టి బార్ మార్పించుకోవాల్సిన వారం. నాలుగూ నింపగలిగితే మీరు సిద్ధంగా ఉన్నారు. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆగండి, ముందు దాన్ని నింపండి.